‘సమూయేలు’ అను పేరు: అర్థము, మూలము

మన సంఘములలో బిడ్డ పుట్టగానే పాస్టరుగారిని అడిగే మొదటి మాట “ఏ పేరు పెడదామండీ?” అని. రెండవ మాట “దాని అర్థమేమిటండీ?” అని. ఈ రెండవ ప్రశ్న కోసం చిన్న చిన్న పేర్ల పుస్తకములు క్రైస్తవ పుస్తకాల షాపులలో దొరుకుతాయి. వాటిలో ‘సమూయేలు’ దగ్గర సాధారణంగా కనిపించే అర్థము “దేవుడు వినెను” అని. ప్రతిష్ఠ ఆరాధన కార్డుల మీద కూడా అదే అచ్చవుతుంది. కాని 1 సమూయేలు 1:20 తెరిచి చూస్తే, ఆ పేరు పెట్టిన తల్లి ఆ మాట చెప్పలేదు. యెహోవాను అడిగి ఈ బిడ్డను పొందానన్నది హన్నా చెప్పిన కారణము. అడుగుట వేరు, వినుట వేరు. తెలుగులో ఎంత వేరో హెబ్రీలోనూ అంతే వేరు. మరి ఈ పేరుకు అసలు అర్థమేమిటి? ఈ వారము ఈ ఒక్క పేరును కొంచెం నిదానంగా పరిశీలిద్దాము. బిడ్డకు ఈ పేరు పెట్టుకొన్నవారికి, పెట్టుకోవాలని ఎదురుచూస్తున్నవారికి దీనిలో పనికివచ్చే సంగతి ఉన్నదని మా నమ్మకము.

మొదట అక్షరాల సంగతి. హెబ్రీలో ఈ పేరు ‘షెమూఏల్’. చివర ఉన్న ‘ఏల్’ అంటే దేవుడు. దానిలో సందేహము లేదు. చిక్కంతా ముందు భాగముతోనే. ‘వినుట’ అనే హెబ్రీ క్రియ ‘షామఅ’. దాని చివర ‘అయిన్’ అనే అక్షరము ఉన్నది. గొంతు లోపలి నుండి పలికే ఆ ధ్వనికి మన అక్షరమాలలో సాటి అక్షరము లేదు. ఉర్దూ చదువుకొన్నవారికి మాత్రము ‘అలిఫ్’ వేరు, ‘ఐన్’ వేరు అని తెలుసు. హెబ్రీలో కూడా ‘ఆలెఫ్’ వేరు, ‘అయిన్’ వేరు. “దేవుడు వినెను” అనే అర్థముగల పేర్లలో ఈ అయిన్ తప్పక నిలిచి ఉంటుంది. ఇష్మాయేలు పేరులో ఉన్నది. హాగరు శ్రమను యెహోవా విన్నాడు గనుక ఆ పేరని ఆదికాండము 16:11 చెబుతుంది. లేయా తన కొడుకుకు పెట్టిన షిమ్యోను పేరులోనూ ఉన్నది (ఆదికాండము 29:33). ఎలీషామా, షెమయా పేర్లలోనూ ఉన్నది. షెమూఏల్‌లో మాత్రము ఆ అయిన్ లేదు. పలుకుబడిలో అరిగి పోయిందని కొందరు పండితులు అంటారు. అలా అరగడము అసాధ్యమని మేము అనము. అయితే అన్ని పేర్లలో నిలిచిన అక్షరము ఈ ఒక్క పేరులోనే ఎందుకు అరిగిందో చెప్పవలసిన భారము వారి మీదనే ఉంటుంది.

పోనీ, హన్నా చెప్పిన ‘అడుగుట’ సరిపోతుందా? ఆ క్రియ ‘షాఅల్’. షీన్, ఆలెఫ్, లామెద్ అనే మూడు అక్షరములు. ఈ మూడూ షెమూఏల్‌లో ఉన్నవి. కాని మధ్యలో ‘మెమ్’ అనే మరో అక్షరము వచ్చి కూర్చున్నది. ‘షాఊల్ మే-ఏల్’, అనగా ‘దేవుని యొద్ద అడుగబడినవాడు’ అన్నది కుదించుకొని పోయి షెమూఏల్ అయిందని యూదు వ్యాఖ్యాతలలో కొందరు చెప్పారు. అందంగానే ఉంది గాని వ్యాకరణము ఒప్పుకోదు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బైబిలులో తల్లిదండ్రులు పేరుకు కారణము చెప్పేటప్పుడు నిఘంటువు తెరిచి చెప్పరు. పేరు చెవిని తాకిన తీరును పట్టుకొని తమ బ్రతుకులో జరిగిన దానికి ముడి వేస్తారు. నోవహు పేరు ‘విశ్రాంతి’ అనే మూలములోనిది. ఆయన తండ్రి లెమెకు దానిని ‘నెమ్మది కలిగించుట’ అనే వేరే క్రియతో ముడి వేశాడు (ఆదికాండము 5:29). రెండూ వినడానికి దగ్గర. బాబెలును ఆ ఊరివారు ‘దేవుని ద్వారము’ అనుకొన్నారు. ఆదికాండము 11:9 ఆ పేరులో ‘తారుమారు’ అనే మాటను విన్నది, అందులో కొంత ఎగతాళి కూడా ఉన్నది. ఇవి తప్పులు కావు. ఇది హెబ్రీ రచయితల పద్ధతి. హన్నా చేసినదీ ఇదే.

అయితే భాషాశాస్త్ర ప్రకారము షెమూఏల్ ఏమిటి? నేటి హెబ్రీ పండితులలో చాలామంది ‘షేమ్’, ‘ఏల్’ అని విడదీస్తారు. షేమ్ అంటే పేరు, నామము. మధ్యలో ఉన్న ‘ఊ’ పాతకాలపు విభక్తి ప్రత్యయపు మిగులు. యాకోబు దేవునితో పెనుగులాడిన చోటి పేరు పెనీయేలు, పెనూయేలు అని రెండు రూపాలలో కనిపించడము పాఠకులు గమనించే ఉంటారు (ఆదికాండము 32:30-31). ‘దేవుని ముఖము’ అనే ఆ పేరులో కూడా ఇదే ‘ఊ’ ఉన్నది. ఆ లెక్కన షెమూఏల్ అంటే ‘దేవుని నామము’. ‘ఆయన పేరు ఏల్’ అని చదివేవారూ ఉన్నారు. ఇటువంటి పేర్లు ఇశ్రాయేలుకు ముందే ఉన్నవి. హమ్మురాబీకి పూర్వము బబులోనును ఏలిన అమోరీయ వంశపు రాజులలో ఒకని పేరు సుము-లా-ఏల్. దానిలోని ‘సుము’ మన ‘షేమ్’కు చుట్టమే. ఆ భాషలలో ఈ మాటకు ‘పేరు’ అనే కాక ‘సంతానము’ అనే భావము కూడా ఉన్నది. కొడుకు పుడితే పేరు నిలుస్తుందని మన ఊళ్ళలో అనరా! ద్వితీయోపదేశకాండము 25:7లో చనిపోయిన సహోదరుని ‘పేరు’ నిలబెట్టుట అన్నా సంతానము కలుగజేయుటే. కనుక గొడ్రాలని మాటలు పడిన స్త్రీ తన బిడ్డకు ‘దేవుడు నిలిపిన పేరు’ అనిపించే పేరు పెట్టడములో ఎంత ఔచిత్యము ఉందో చూడండి.

ఇంతవరకు వ్యాకరణము. అసలు సంగతి హన్నా నోట వచ్చిన ఆ ‘అడుగుట’ అనే మాటలో ఉన్నది. హెబ్రీలో ఈ షాఅల్ మూలము మొదటి అధ్యాయములోనే ఏడు సార్లు వస్తుంది: 17వ వచనములో రెండు, 20లో ఒకటి, 27లో రెండు, 28లో రెండు. తరువాత 2:20లో ఏలీ దీవెనలో ఇంకా రెండు. తర్జుమాలో ఇవి మనవి, అడుగుట, ప్రతిష్ఠించుట అని వేర్వేరు మాటలుగా విడిపోతాయి గనుక మన చెవికి అందవు.

28వ వచనములోని ‘హిష్ఇల్తీహు’ అనే మాట దగ్గర కాసేపు ఆగాలి. ఇది అదే ‘అడుగుట’కు ప్రేరణార్థక రూపము. తెలుగులో తిను అనే క్రియకు తినిపించు, చేయు అనే క్రియకు చేయించు ఉన్నట్టే. ‘అడుగు’కు అటువంటి రూపము చేస్తే, ఎదుటివాడు అడిగినది అతనికి ఇచ్చివేయుట అనే అర్థము వస్తుంది. పాత నిబంధనలో ఈ రూపము ఇక్కడ కాక కనిపించేది నిర్గమకాండము 12:36లోనే. అక్కడ ఐగుప్తీయులు ఇశ్రాయేలీయులు అడిగినవన్నీ ఇచ్చి పంపుతారు. ఇంగ్లీషు పాత తర్జుమా హన్నా మాటను ‘అప్పిచ్చితిని’ అన్నట్టు అనువదించింది. మన తెలుగు బైబిలు ‘ప్రతిష్ఠించుట’ అన్నది. రెండూ తప్పు కావు గాని రెండింటిలోనూ ఆ చమత్కారము జారిపోయింది. హన్నా అంటున్నది దాదాపు ఇది: నేను అడిగితే ఆయన ఇచ్చాడు, ఇప్పుడు ఆయన అడిగినట్టుగా నేను ఇచ్చివేస్తున్నాను. పొరుగింటి నుండి చేబదులు తెచ్చిన వస్తువును ఇల్లాలు ఎలా జ్ఞాపకము పెట్టుకొంటుందో, హన్నా ఈ బిడ్డను అలా జ్ఞాపకము పెట్టుకొన్నది. పేరు పెట్టిన రోజునే ఆ బాకీని పేరులో కట్టి ఉంచింది. మృత సముద్రము దగ్గర కుమ్రాను గుహలలో దొరికిన సమూయేలు ప్రతి ఒకదానిలో 1:22 దగ్గర, బిడ్డను జీవితాంతము నాజీరుగా ఇస్తానని హన్నా చెప్పిన మాట అదనంగా ఉన్నది. మొక్కుబడిలోని బరువు ఆ నకలు వ్రాసినవారికి కూడా తెలుసు.

మా ఆందోళన ఇక్కడే. బిడ్డల ప్రతిష్ఠ ఆరాధనలలో ఈ అధ్యాయము చదివి, హన్నా అడిగింది, పొందింది, నీవూ అడుగు, నీకూ సమూయేలు వస్తాడు అని బోధించడము మామూలైపోయింది. పాఠము తరచుగా 20వ వచనముతో ఆగుతుంది. ఆ వరుసలలోనే వెనుక బల్ల మీద పెండ్లయి పది పన్నెండేళ్ళయిన చెల్లెలు ఒకతె కూర్చొని ఉంటుంది. గుడి బయట “ఇంకా విశేషమేమీ లేదా అమ్మా?” అని అడిగేవారు ఎలాగూ ఉంటారు. పెనిన్నా ఏటేటా షిలోహులో చేసిన పని అదే (1:6-7). ఇప్పుడు ప్రసంగము కూడా ఆమె విశ్వాసము చాలలేదన్నట్టు వినిపిస్తుంది. 20వ వచనము ఒక తల్లి సాక్ష్యము. ప్రతి ఇంటికీ వ్రాసి ఇచ్చిన హామీపత్రము కాదు. ఆ పుస్తకములో అడిగి పొందినవారు ఇంకా ఉన్నారు, వారి కథ అంత సంతోషముగా లేదు.

1:28లో హన్నా బిడ్డను గూర్చి ‘హూ షాఊల్ ల-యెహోవా’ అంటుంది. ‘యెహోవా కొరకు అడుగబడినవాడు’ అని దాని భావము. ఆ ‘షాఊల్’ అన్నది మనము సౌలు అని పిలిచే రాజు పేరే, అక్షరము పొల్లు పోకుండా. అందుకనే ఇరవయ్యవ శతాబ్దములో కొందరు పండితులు ఒక వాదము లేపారు. ఇది మొదట సౌలు పుట్టుక కథ అనీ, తరువాత ఎవరో దీనిని సమూయేలుకు మార్చారనీ వారి ఊహ. సెమినరీలలో ఈ వాదము చదివినవారు మన కాపరులలో చాలామంది ఉంటారు. మాకు ఇది ఒప్పుదలగా తోచదు. షిలోహు, ఏలీ, తల వెంట్రుకల మొక్కుబడి, గుడారపు సేవ, వీటిలో ఒక్కటీ బెన్యామీనీయుడైన కీషు ఇంటికి చెందదు. వీటిని తీసివేస్తే కథలో మిగిలేది ఆ ఒక్క మాట మాత్రమే. రచయిత ఆ మాటను మరచిపోయి వదలిన అతుకుగా కాక, కావాలని పెట్టిన గురుతుగా చదివితేనే తరువాతి అధ్యాయములు తెరుచుకొంటాయి.

చూడండి. 8:10లో ప్రజలు రాజును ‘అడుగుతారు’. 12:13లో సమూయేలు వారితో, ఇడుగో మీరు ‘అడిగిన’ రాజు అంటాడు. 12:17లో, 12:19లో ఆ అడుగుటే పాపమని ప్రజలే ఒప్పుకొనేదాకా తెస్తాడు. వారు అడిగినవాని పేరు షాఊల్, అనగా అడుగబడినవాడు. అడిగినది వారికి దొరికింది. దేవుడు కోపముతో రాజును ఇచ్చాడని హోషేయ 13:11 అంటుంది. చివరకు 28:6లో షాఊల్ యెహోవా యొద్ద ‘అడుగుతాడు’, జవాబు రాదు. ఏన్దోరులో కర్ణపిశాచము గల స్త్రీ ఇంట సమూయేలు లేచి వచ్చి అతనిని, నన్ను ఎందుకు ‘అడుగుతావు’ అంటాడు (28:16). అక్కడా అదే క్రియ. ఇంకొక్క మాట. పాతాళమునకు హెబ్రీ మాట ‘షెఓల్’. అచ్చులు గుర్తించని పాత వ్రాతలో షెఓల్, షాఊల్ ఒకేలా ఉంటాయి. హన్నా తన పాటలో యెహోవా పాతాళమునకు దింపగలడు, పైకి లేపగలడు అని చెప్పినప్పుడు (2:6) ఆ పుస్తకము మొత్తాన్ని ముందే చూసినట్టుగా ఉంటుంది. ఒక స్త్రీ అడిగి పొందినవానిని ఇచ్చివేసింది. ఒక జనము అడిగి పొందినవానిని పట్టుకొని కూర్చున్నది. ఇద్దరూ అడిగారు.

మరి “దేవుడు వినెను” అన్న పేర్ల పుస్తకము మాట పూర్తిగా కొట్టివేయవలసిందేనా? తొందరపడవద్దు. మొదటి అధ్యాయములో ‘వినుట’ అనే క్రియ ఉన్నది గాని, అది వచ్చేది 13వ వచనములో, హన్నా స్వరము వినబడలేదని చెప్పడానికి. యాజకుడు ఆమెను త్రాగి ఉన్నదనుకొన్న సందర్భమది. దేవుడు విన్నాడని ఆ అధ్యాయము ఎక్కడా అనదు. ఆయన ఆమెను జ్ఞాపకము చేసికొన్నాడు అంటుంది (1:19). వినుట అనే మాట ఆ బిడ్డ పెరిగిన తరువాత అతని చుట్టూ చేరుతుంది. ఏలీ కుమారులు తండ్రి మాట వినరు (2:25). ఆ తరువాత అధ్యాయములోనే దీపము ఇంకా ఆరని రాత్రి, నీ దాసుడు వింటున్నాడు అని చెప్పే పిల్లవాడు కనబడతాడు (3:10). ప్రజల మాట ‘వినుము’ అని దేవుడు సమూయేలుకు 8వ అధ్యాయములో మూడుసార్లు చెబుతాడు. ప్రజలు మాత్రము సమూయేలు మాట ‘వినరు’ (8:19). బలులకంటె ‘వినుట’ శ్రేష్ఠమని సౌలుకు చెప్పినవాడు ఈయనే (15:22). మన బైబిలులో అక్కడ ‘ఆజ్ఞను గైకొనుట’ అని ఉంటుంది, మూలములో షామఅ క్రియే. అంతకుముందు 15:14లో, యెహోవా ఆజ్ఞను నెరవేర్చానని సౌలు చెబుతుంటే, మరి నాకు ‘వినబడుతున్న’ ఈ గొఱ్ఱెల అరుపేమిటి అని అడిగినవాడూ ఈయనే. ముసలితనములో కూడా ఆ చెవులు బాగా పనిచేశాయి! కనుక వినుట ఈ పేరు చుట్టూ ఉన్నమాట నిజము. వినేది మాత్రము దేవుడు కాదు, సమూయేలు. కార్డు మీద అచ్చువేసే అర్థములో కర్త మారిపోయింది.

‘షేమ్’ అనే మూడవ ధ్వనిని విన్నవాడు కీర్తనకారుడు. 99:6లో మోషే అహరోనులను యాజకుల వరుసలో నిలిపి, సమూయేలును దేవుని ‘నామమున’ మొరపెట్టినవారి వరుసలో నిలిపాడు. హెబ్రీలో షెమూఏల్, షెమో అనే రెండు మాటలు దగ్గర దగ్గరగా వినబడతాయి. తల్లి అడుగుటను విన్నది, కథ చెప్పినవాడు వినుటను విన్నాడు, పాట కట్టినవాడు నామమును విన్నాడు. వ్యాకరణవేత్తలు కీర్తనకారునితో ఏకీభవిస్తున్నారన్నది గమనింపదగిన విషయము.

పేరు గొప్పదైతే బిడ్డ గొప్పవాడవుతాడనుకొనేవారికి ఇదే పుస్తకములో ఒక చిన్న సంగతి ఉన్నది. సమూయేలు తన పెద్ద కొడుకుకు యోవేలు అని పేరు పెట్టాడు, అనగా యెహోవాయే దేవుడు. రెండవవానికి అబీయా, అనగా యెహోవా నా తండ్రి. రెండూ అర్థము విషయములో సందేహమే లేని, శుద్ధమైన పేర్లు. ఆ ఇద్దరూ బెయేర్షెబాలో న్యాయాధిపతులై లంచములు తిన్నారు (8:2-3).

బైబిలులో ఈ పేరుగలవారు ఇంకా ఇద్దరున్నారు. కనాను దేశమును పంచినప్పుడు షిమ్యోను గోత్రము తరఫున నిలిచిన అమ్మీహూదు కుమారుడు ఒకడు (సంఖ్యాకాండము 34:20), ఇశ్శాఖారు గోత్రములో తోలా కుమారుడు ఒకడు (1 దినవృత్తాంతములు 7:2). హెబ్రీలో ముగ్గురి పేరూ ఒకటే. తర్జుమాలలో వీరిని షెమూయేలు అని వేరుగా వ్రాసేవారున్నారు. క్రొత్త నిబంధన ప్రవక్తయైన సమూయేలును మూడు చోట్ల పేర్కొంటుంది: అపొస్తలుల కార్యములు 3:24, 13:20, హెబ్రీయులకు 11:32. ఆయనను రామాలో పాతిపెట్టారని 1 సమూయేలు 25:1 చెబుతుంది. యెరూషలేముకు వాయవ్యముగా ఉన్న నెబీ సంవీల్ అనే కొండ మీద ఆయన సమాధి అని యూదులు, ముస్లిములు కూడా ఒకదానిని చూపిస్తారు. అరబ్బులలో ఈ పేరు సమౌఅల్. ఇస్లామునకు పూర్వము అరేబియాలో సమౌఅల్ అనే యూదు కవి ఉండేవాడు. నమ్మి అప్పగించిన ఆయుధములను శత్రువుకు ఇవ్వక తన కొడుకునే పోగొట్టుకొన్నాడని ఆయనను గూర్చి చెబుతారు. మాట తప్పనివానికి ఆయన పేరు అరబ్బీలో సామెత అయింది.

తెలుగు నేలకు ఈ పేరు బైబిలుతో పాటు మిషనరీల పేర్లలో కూడా వచ్చింది. 1840లో నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను పని మొదలుపెట్టినవారు శామ్యూల్ డే. 1912లో దోర్నకల్ బిషపుగా అభిషేకము పొందిన వి. ఎస్. అజరయ్యగారు ఆంగ్లికను సంఘములో మొదటి భారతీయ బిషపు. ఆయన పేరులోని ‘ఎస్’ శామ్యూలే. తమిళులు సామువేల్ అంటారు. మన దగ్గర బైబిలు చదివేటప్పుడు సమూయేలు, బడి సర్టిఫికెటులో శామ్యూల్, ఊరిలో సామేలు. ఈ మూడూ ఒకే ఇంటిలో ఒకే మనిషికి ఉండడము వింత కాదు. ‘స’ సరియా, ‘శ’ సరియా అని అడిగేవారు ఉన్నారు. హెబ్రీ ధ్వని మన ‘ష’కు దగ్గర. గ్రీకు భాషలో ఆ ధ్వని లేదు గనుక గ్రీకు తర్జుమా చేసినవారు ‘సమూఏల్’ అని వ్రాశారు, మన బైబిలులోనూ ‘స’యే ఉన్నది. శామ్యూల్ ఇంగ్లీషు వారి పలుకుబడి నుండి వచ్చింది. కాబట్టి ఆధార్ కార్డులో ఏ అక్షరముతో ఉంటే ఆ అక్షరముతోనే ఉంచుకోవచ్చు.